బండి వదిలిన పోడు

నెత్తళ్ళు ఎండలో తిరగేస్తుంటే ఫోను మోగింది. చేతుల నిండా పొలుసు. మోచేత్తో నొక్కి చెవి దగ్గర పెట్టాను. కొండ మీది గుంటడు. గుంటడంటున్నాను గానీ వాడికీ జుట్టు నెరిసింది. నా నేస్తం పెద్దకొడుకు.

"నేస్తమ్మా, అమ్మ ఎలిపోనాది" అన్నాడు.

పొద్దున్నే చోడి అంబలి తాగిందట. పట్టాలబాట దాకా వెళ్ళి చెట్లు చూసుకుని వచ్చిందట. అరుగు మీద కూర్చుని చుట్ట అంటించింది. చుట్ట ఆరింది, మనిషీ ఆరింది. జ్వరం లేదు, మూలుగు లేదు, ఎవరి చేతా ఒక గుక్క నీళ్ళు పోయించుకోలేదు. అది ఏ పనైనా అలాగే చేసేది, ఎవరికీ చెప్పకుండా, చటుక్కున.

వాడు ఇంకో మాట చెప్పాడు. ఒకప్పుడు రైలు పట్టాలుండే బాట మీద ఇప్పుడు రోడ్డు వేస్తారట. బాట నిండా చెట్లు లేచిపోయాయి. వాటిని కొడితేనే రోడ్డు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ ఆ చెట్ల మీద గొడ్డలి పడనివ్వలేదు. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి ఊరంతా కూర్చుని ఆమె నేస్తం మాటే ఆమె మాట అని తేల్చారు. "కొట్టమంటే కొడతాం. వద్దంటే మానీస్తాం. దినానికొచ్చి నువ్వే సెప్పాల" అన్నాడు.

నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాదు. సంతకం పెట్టమంటే నా పేరు ముగ్గులా గీస్తాను. ఒక కొండ ఊరికి రోడ్డుండాలో వద్దో నేను చెప్పాలట. ఏడవాల్సిన దాన్ని, నెత్తళ్ళు అలా వదిలేసి కాకులకి వేడుక చేసి, చీర మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాను. దినం ఇంకా వారం ఉందని చీర కట్టుకున్నాక గుర్తొచ్చింది.

మా దిక్కున నేస్తం కట్టడమంటే ఊరికే కలిసి తిరగడం కాదు. అమ్మవారి ముందు నిలబడి, ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటారు. ఆ రోజుతో పేర్లు పోతాయి. నేస్తం అనే పిలవాలి. వాళ్ళింట్లో చావైతే మనకీ మైల. మనింట్లో పెళ్ళైతే వాళ్ళు రాకుండా పందిరి నిండదు. అందుకే దాని పేరు ఇక్కడ చెప్పను. పోయినా చెప్పకూడదు.

మాది నౌపడ దగ్గర ఉప్పుమళ్ళ పక్క ఊరు, చేపల వాళ్ళం. అది కొండ మీది సవరల మనిషి. మా ఇద్దరినీ కలిపింది బండి. నౌపడ నుంచి చిన్నపట్టాల రైలుండేది, దాంట్లోంచి కొండ మీదికి ఒక పాయ చీలేది. ఆ పాయ మీద నడిచేది సరుకు బండి. పైకి ఉప్పు, ఎండుచేప, కిరసనాయిలు. కిందికి వెదురు, చింతపండు, పసుపు, కొండచీపుర్లు. ఆ దారి చూడాలి మీరు. ఒక పక్క కొండ ఎంత దగ్గరగా ఉంటుందంటే చెయ్యి చాపితే నాచు తగిలేది. ఇంకో పక్క లోయ. గెడ్డ మీది వంతెన దాటుతుంటే కింద నీళ్ళలో మన బండి తలకిందులుగా పరిగెత్తేది. మంచు పడే నెలల్లో ఇంజను కనిపించేది కాదు, దాని దగ్గు మాత్రం వినిపించేది. వంపు తిరిగితే ముందు పెట్టెలూ వెనక పెట్టెలూ ఎదురుబొదురుగా వచ్చేవి, వియ్యంకులు పలకరించుకున్నట్టు.

మా మావని, నన్ను కట్టుకున్నవాణ్ణి, సముద్రం తీసుకున్న ఏడాది నేను నెత్తిన తట్ట పెట్టాను. ఎండుచేప కొండ మీద బాగా పోతుందని విన్నాను. గార్డుబాబు మంచివాడు. విజయనగరం మనిషి. కసురుతూనే మమ్మల్ని ఆఖరి పెట్టెలో ఒక మూల కూర్చోనిచ్చేవాడు. మొదటిసారి ఎక్కిన రోజు, ఏటవాలు మొదలైంది, బండి చీమలా పాకుతోంది, ఒక ఆడమనిషి పొదల్లోంచి వచ్చి, నడుస్తున్న బండిలోకి ముందు అనాసపళ్ళ గంప తోసి, తర్వాత కొడవలి విసిరి, ఆఖర్ని తను ఎక్కింది. గార్డుబాబు నోరు తెరిచే లోపల అతని చేతిలో ఒక పండు పెట్టింది. పొట్టి మనిషి. మెడ నిండా పూసలు. ఏదైనా చూపించాలంటే చెయ్యి ఎత్తదు, గడ్డం ఎత్తుతుంది. నవ్వాల్సిన మాట చెప్పే ముందే తను నవ్వేసేది, ఆ నవ్వయ్యే దాకా మనం మాట కోసం కాచుకోవాలి.

నా చుట్ట చూసి కళ్ళు పెద్దవి చేసింది. మా సముద్రం గట్టు ఆడవాళ్ళం నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతాం, అడ్డపొగ. గాలికి ఆరదు, రవ్వ ఎగరదు. వెదురు బండి మీద రవ్వ పడితే కొంపలంటుకుంటాయని గార్డుబాబు దాన్ని రోజూ తిట్టేవాడట. అప్పటికప్పుడు నా నోట్లోది తీసి తన నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. ఉమ్మింది. మళ్ళీ పెట్టుకుంది. కొండెక్కే సరికి వచ్చేసింది దానికి.

"నీకు మొగుడున్నాడా?" అనడిగింది.

లేడన్నాను. ఎలా పోయాడని అడగలేదు. అయ్యో అనలేదు. అనాసపండు కోసి తీపి ఉండే అడుగు ముక్క నాకిచ్చి, పుల్లటి పై ముక్క తను తింది. మావ పోయాక అందరూ నన్ను ఏడిపించడానికే వచ్చారు. తినమన్నది అదొక్కతే.

ఆ ఏడే నేస్తం కడదామంది. నేను వెనక్కి జరిగాను. నేను ముండమోపిని, చెవిలో పువ్వు పెట్టుకోకూడదు, మా వాళ్ళు ఒప్పరు అన్నాను. అది మాటకి ముందే నవ్వేసింది. "పువ్వుకి తెలస్తాదేటి ఎవుల్ది ఏ సెవో" అంది. పెట్టేసింది. గుడి కూడా కాదది, పట్టాల పక్కన ఒక రాయి, పసుపు పూసిన రాయి. డ్రైవరు కూడా అక్కడ కొబ్బరికాయ కొట్టే పోయేవాడు. బెల్లం నా నోట్లో పెడుతూ ఒక మాటిచ్చింది. "నీ గుంట పెళ్ళికి పసుపు నా దొడ్లోది. దంచీది నువ్వు. ఎవులు వద్దంతారో నాను సూస్తాను." నా కూతురికి అప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు.

ఆ బండి మీద దానితో తిరిగినన్నాళ్ళూ తిరునాళ్ళే అనుకోండి. ప్రతి వంపుకీ ఒక పేరు పెట్టింది. దూడ తప్పిపోయిన వంపు, గార్డు జారిపడ్డ వంపు, నాకు నవ్వాగని వంపు. బండి మధ్యలో ఆగితే ఇంజను దగ్గరికి వెళ్ళి ఎద్దుని అదిలించినట్టు అదిలించేది. డ్రైవరు కోపగించుకునేవాడు కాదు. నువ్వొచ్చి తిడితే గానీ దీనికి కదలబుద్ధి కాదే అనేవాడు.

తర్వాత రోడ్లు పడ్డాయి. సాలూరు లారీలు దిగాయి. లారీ ఇంటి ముందుకే వస్తుంది, బండి రాదు. ఉప్పు లారీ ఎక్కింది, వెదురు లారీ ఎక్కింది. ఆ లారీల రోడ్డు కూడా కొండ ఇవతలి ఊళ్ళకే. మా నేస్తం ఊరు అవతలి మలుపులో ఉంది, దానికి బండి తప్ప దారి లేదు. పెట్టెలు తగ్గుతూ తగ్గుతూ ఆఖరికి ఇంజనూ గార్డుపెట్టే మిగిలాయి. ఇదే ఆఖరి రాక అని గార్డుబాబు చెప్పిన రోజు మేమిద్దరం దాంట్లోనే ఉన్నాం. ఆయన పచ్చజెండా మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఇంట్లో మనిషి పోయినట్టు. నేను ఖాళీ తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొండకీ గట్టుకీ మధ్య ఇంకేముంది మాకు.

అది మాత్రం ఉషారుగా ఉంది. మా ఇద్దరినీ చూసి విసుక్కుంది.

"ఏటి బాబూ, ఆడపిల్లలాగ ఏడుస్తన్నావు. పోడు మార్సరేటి?" అంది.

పోడంటే కొండ మీద వాళ్ళు చేసే సేద్యం. చెట్లు కొట్టి కాల్చి, ఆ బూడిదలో విత్తుతారు. కొన్ని పంటలు తీశాక నేల అలిసిందని వదిలేసి ఇంకో కొండకి పోతారు. వదిలిన చోట అడవి లేస్తుంది. చెట్లు బాగా ఏపుకొచ్చాక మళ్ళీ అక్కడికే వస్తారు. రైలువాళ్ళు చేస్తున్నదీ అదేనని దాని లెక్క. ఇన్నేళ్ళు బరువు మోసి ఈ కొండ అలిసింది, పట్టాలు తీసుకెళ్ళి ఇంకో కొండకి వేసుకుంటారు, ఇది కోలుకున్నాక తిరిగొస్తారు. ఎవరో చెప్పిన మాట కాదది. పుట్టినప్పటి నుంచి చూసిందదే. వదలడం తెలుసు, పోవడం తెలీదు దానికి. గార్డుబాబు నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. 

మరి కొన్నాళ్ళకి నా కూతురికి సంబంధం కుదిరింది. కొండ మీదికి కబురు పంపే దారి లేదు. అప్పటికి ఫోన్లు లేవు మాకు. పట్టాలు పీకేస్తున్నారని మాత్రం తెలిసింది, పై కొస నుంచి మొదలుపెట్టి కిందికి వస్తున్నారట. మా ఆడపడుచు, మావకి పెద్దక్క, ఇల్లంతా తన చేతుల్లోకి తీసుకుంది. పసుపు దంచే పొద్దు వచ్చింది. రోలుకి దారం కట్టారు. ముత్తైదువులు చేరారు.

"నువ్వా పక్కనుండే. నీ నేస్తం రాదు, బండే నేదు. కొట్లో పసుపు తెచ్చినాను, మేం దంచుతాం" అంది ఆడపడుచు. చెడ్డది కాదు. దానికి తెలిసిన ఆచారం అది. నేను పాక వెనక పాత వలల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నా కడుపున పుట్టిన పిల్ల పసుపుకి నేను ఇవతల.

అంతలో చేపల సైకిలువాడు కేకలేసుకుంటూ వచ్చాడు. స్టేషన్లోకి ఇనప బండి దిగిందట. పీకిన పట్టాలు మోసుకొచ్చే బండి. ఆ పట్టాల మీద గంప పట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉందట, మెడ నిండా పూసలు, నీ ఇల్లెక్కడని అడుగుతోందట. నేను చెప్పులేసుకోలేదు. పమిట జారుతున్నా చూసుకోలేదు. ఉప్పుగట్ల మీద పరిగెత్తాను. మడిలో ఉప్పు గీరే మనిషి చేతిలో పార వదిలేసి ఏమైందో అని నా వెనక పరిగెత్తాడు.

అదీ అటు నుంచి పరిగెత్తుకొస్తోంది. తల మీద గంప కదలట్లేదు, కాళ్ళు మాత్రం కనిపించట్లేదు. ఏం చేసిందనుకున్నారు. పట్టాలు పీకే మనుషులు దాని ఊరి ముందు గుడారం వేస్తే, కొండకి విశ్రాంతి ఇవ్వడానికొచ్చిన చుట్టాలని వాళ్ళకి అంబలి పోసింది, అనాసపళ్ళు కోసింది. మీరు ఎంతదాకా పోతారని మేస్త్రిని అడిగింది. కింద పెద్ద స్టేషను దాకా అన్నాడు. అయితే నేనూ వస్తాను, మీకు వండి పెడతాను అని పసుపు గంప ఎత్తుకుంది. గుడారం గుడారం దిగుతూ వచ్చింది. ఇది ముందు, దీని వెనక పట్టాలు ఊడివస్తూ. తన తిరుగు దారిని తనే చుట్ట చుట్టించుకుంటూ దిగింది, కిలకిలా నవ్వుకుంటూ. పెళ్ళి ఎప్పుడో దానికి తెలుసా అంటే తెలీదు. పిల్ల ఈడుకొచ్చి ఉంటుంది, పసుపు పండింది, బయల్దేరాను అంది.

రోలు దగ్గరికి నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ముత్తైదువులు తప్పుకున్నారు. ఆడపడుచు తప్పుకోలేదు.

"ఓలమ్మా, అది ముట్టకూడదు. గుంటకి కీడు" అంది.

నా నేస్తం గంప దించి పసుపుకొమ్ములు రోట్లో కుమ్మరించింది. రోకలి నా చేతిలో పెట్టి, దాని మీద తన చెయ్యి వేసింది. ఈసారి ముందు నవ్వలేదు.

"అప్పా, పసుపు నాది. దున్నింది నాను, తవ్వింది నాను, ఉడకేసింది నాను. అమ్మ సేత్తో దంచిన పసుపు పిల్లకి కీడైతే నా కొండకి రా, ఆ దొడ్డంతా నీ ఎదట పీకేస్తాను. రా, నువ్వూ ఒక సెయ్యెయ్యి" అంది.

 ఆడపడుచు చెంగు దోపి, "సరే జరగండి, ఎడం ఇవ్వండి, దంచడం కూడా రాదు మీకు" అని మా చేతుల మీద తన చెయ్యి వేసింది. మూడు చేతులతో దంచాం. నా మొహం మీద పసుపు చింది పడితే తుడవబోయాను. తుడవనివ్వలేదు. ఆ కూతురికి ఇప్పుడు నాకంటే పొడుగైన కొడుకున్నాడు. కీడూ లేదు, గీడూ లేదు.

పెళ్ళయ్యాక నా నేస్తం నడిచే వెళ్ళింది. పట్టాలు లేని ఎర్ర బాట మీద. అప్పటి నుంచి నేనే ఏటా చింతపండు నెలల్లో బస్సులో కొండ ఇవతలికి దిగి, అవతలికి నడిచి వెళ్ళేదాన్ని. అది బస్సెక్కదు, ఎక్కితే కడుపులోది నోట్లోకి వస్తుంది. వెళ్ళగానే నీళ్ళిచ్చేది కాదు. ముందు బాట మీదికి తీసుకెళ్ళేది.

"సూడు నేస్తం, సూడు. మోకాళ్ళకొచ్చినాయి."

మరుసటేడు నడుందాకా. ఆ మరుసటేడు నెత్తి పైన. కానుగ, మద్ది, ఇప్ప. ఎవరి గొడ్లో మేస్తే కర్ర పుచ్చుకుని పరిగెత్తేది. అందరం బండి పోయిందనడానికి ఆ చెట్లని చూపించేవాళ్ళం. అది బండొచ్చే రోజు దగ్గర పడిందనడానికి అవే చెట్లు చూపించేది. ఎంత ఎదిగితే అంత సంబరం. ఒకసారి మనసాగక చెప్పేశాను, నేస్తం, ఆ ఇనుమంతా అమ్మేశారట, కరిగించేశారట అని. ఒక్క క్షణం ఆలోచించింది. "ఇత్తనం అమ్ముకున్నోడు మల్లీ కొనుక్కోడేటి" అంది. 

దినం రోజుకి వెళ్ళాను. కొత్త బట్ట, బెల్లం పట్టుకెళ్ళాను. పెద్దకొడుకు ఎదురొచ్చాడు. ఆ బాట ఇప్పుడు నీడ. ఆకులు మెత్తగా కాళ్ళ కింద. అన్నం పెట్టే ముందే ఊరంతా బాట మీద చేరారు. గొడ్డళ్ళు తెచ్చారు గానీ నేల మీద పెట్టి నిలబడ్డారు. వాడి కోడలు నిండు చూలాలు, గుమ్మం పట్టుకుని మా వైపే చూస్తోంది. పోయినేడు ఆ ఊరి పిల్లనొకర్తెని కాన్పుకి డోలీలో మోసుకుపోతుంటే దారిలోనే నెప్పులొచ్చి, బిడ్డ దక్కలేదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా.

చెట్లు కొట్టడానికి మీ అమ్మ ఎందుకు వద్దంది, ఏమని వద్దంది, దాని మాట దానిలాగే చెప్పమన్నాను వాడిని.

వాడు తల గోక్కున్నాడు. "వద్దని ఎప్పుడూ అన్లేదు నేస్తమ్మా. అడిగినపుడల్లా ఇంకా లేత అనీది. ఆ పొద్దున్న సూసొచ్చి మాత్రం ఏటీ అన్లేదు."

 పోడు చెట్టు ఏపుకొచ్చిందని మీకెలా తెలుస్తుందని ముసలాళ్ళనడిగాను. వాటేసుకుంటే చేతులు కలవకూడదన్నారు. నేను వెళ్ళి మద్దిచెట్టుని వాటేసుకున్నాను. బెరడు చెంపకి గరుకుగా తగిలింది. అటు చెయ్యి చాపాను, ఇటు చెయ్యి చాపాను. వేళ్ళు వేళ్ళకి అందలేదు. పక్కదాన్ని పట్టుకున్నాను, అదీ అంతే. ఇప్పచెట్టూ అంతే.

"ఇది లేత కాదురా. ఏపుకొచ్చినాది. కొట్టండి" అన్నాను.

 మొదటి దెబ్బ ఇంటి పెద్దది వెయ్యాలట. గొడ్డలి నా చేతికిచ్చారు. మొదటిది జారింది, పిల్లలు నవ్వారు. రెండోది దిగింది. ఎర్రటి చెక్క, తడి, ఘాటు వాసన. ఆ తర్వాత ఆపేవాళ్ళెవరు. దినం కూడు మర్చిపోయారు, డప్పు తెచ్చారు, ఆడవాళ్ళు కూడా కొంగులు బిగించారు. కొండంతా గొడ్డళ్ళ మోత. నేను చుట్ట వెలిగించడం కూడా మరిచిపోయి అటు తొయ్యండి, ఇటు కాదు అని గొంతు పోయేలా అరిచాను.

మొదటి మద్ది విరిగి లోయ వైపు వాలింది. అది పడ్డ సందులోంచి ఒక్కసారి ఎండ దిగింది. ఎండ వెనకాల దూరంగా, నేల చివర, గచ్చు కడిగినట్టు ఏదో తెల్లగా మెరిసింది. పెద్దకొడుకు గొడ్డలి దించి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అదేటి నేస్తమ్మా, ఆ తెల్లగ?"

"ఉప్పుమళ్ళురా" అన్నాను. "ఆ పక్కదే మా ఇల్లు."